ఎర్ర నూలు చుట్టిన తాడు

ఓబర్‌మాట్,
1957 సెప్టెంబరు 3, మంగళవారం ఉదయం.

ప్రియమైన అల్బన్ అన్నయ్యకు,

నీ చెల్లెలు లుద్వీనా నమస్కారాలు. ఇక్కడ నేను, వెరీనా, రెండు ఆవులు, కన్ను కనపడని ముసలి పిల్లి, అందరం బాగున్నాం. కెనడా కొండల్లో నువ్వూ ఒంట్లో కులాసాగా ఉన్నావనుకుంటూ ఈ ఉత్తరం మొదలుపెడుతున్నాను. కాస్త కూర్చుని చదువు. నిలబడి చదివే ఉత్తరం కాదిది.

జూన్ ఉత్తరంలో నువ్వు నాలుగు ప్రశ్నలు అడిగావు. ముందు వాటికి జవాబులు రాస్తాను. ఆ తర్వాత ఒక వార్త ఉంది. ఆ వార్త తర్వాత, ఇరవై మూడేళ్ళుగా నీకు చెప్పని మాట ఒకటి ఉంది. అది చదివాక నువ్వు నాకు మళ్ళీ రాస్తావో లేదో తెలియదు. అందుకే నీ ప్రశ్నలకు జవాబులు ఇవ్వకుండా వదలదలుచుకోలేదు. ఏ పనైనా ఒక వరసలో చేసే మనిషినని నీకు తెలుసు కదా. పన్నెండు రోజులుగా నా కాళ్ళ కింద నేల నేలలా లేదు. వరస పట్టుకుని నడవకపోతే పడిపోతాను.

మన రాతిపొయ్యికి ఎడమ పక్కన ఉన్న బీట పెరగలేదు. ఏటా అక్టోబరులో సున్నం పూస్తున్నాను. ఊరి ఉమ్మడి పొయ్యి ఇంకా వెలుగుతోంది కానీ ఏడాదికి రెండుసార్లే. రై ధాన్యపు రొట్టె అప్పటిలాగే నెల తిరిగేసరికి గొడ్డలితో కొట్టాల్సి వస్తుంది. కింది ఊళ్ళో తెల్ల రొట్టె రోజూ దొరుకుతుందని కుర్రకారు అక్కడికే పోతున్నారు. వెరీనా పాఠాలు చెప్పే బడిలో ఈ ఏడాది పంతొమ్మిది మంది పిల్లలు. పెళ్ళి మాట ఎత్తితే, "నీ పుస్తకంలో రాసుకోవడానికి ఇంకో పేరు కావాలా అమ్మా?" అంటుంది.

ఆ పుస్తకం ఇంకా నడుస్తోంది. కొమ్ము శిఖరానికి వెళ్ళే దారిలో మనదే చివరి ఇల్లు కాబట్టి నానమ్మ మొదలుపెట్టిన పని అది. ఆమెకి రాయడం రాదు. తాత ఇంగ్లీషు పాదిరితో మొదటిసారి కొమ్ము ఎక్కడానికి బయలుదేరినప్పుడు తలుపు చట్రం మీద కత్తితో ఒక నిలువు గీత గీసింది. తిరిగి వచ్చాక దాని మీద అడ్డగీత. అమ్మ దాన్ని పుస్తకం చేసింది. నేను గడులు గీశాను: పేరు, తేదీ, వెళ్ళిన గంట, వచ్చిన గంట. పొద్దు వాలేసరికి ఏ గడి ఖాళీగా ఉన్నా వెళ్ళి చర్చి గంట కొట్టించాలి. ఇన్నేళ్ళలో అట్లా పదహారుసార్లు పరుగెత్తాను. పదహారులో పద్నాలుగు గడులు తర్వాత నిండాయి. పదిహేనోది మ్యూనిక్ కుర్రవాడిది. మన శ్మశానంలోనే ఉన్నాడు కాబట్టి అక్కడ ఒక సిలువ గుర్తు వేశాను. పదహారోది నా మౌరుస్‌ది.

నాలుగో ప్రశ్న నువ్వు ప్రతి ఉత్తరంలోనూ అడుగుతావు, కొమ్ముకి ఉత్తర దిక్కున ఉన్న రాతి వెన్నుగట్టు ఎవరైనా ఎక్కారా అని. ప్రతిసారీ 'లేదు' అని ఒక్క ముక్క రాసేదాన్ని. ఈసారి ఎక్కారు. జూలై పంతొమ్మిదిన, వియన్నా నుంచి వచ్చిన ఇద్దరు. తెల్లటి నైలాను తాళ్ళు, రబ్బరు అడుగున్న బూట్లు. వేకువన మూడింటికి మన గడప దాటి సాయంత్రం ఏడుంబావుకి వచ్చేశారు. వాళ్ళలో పొడుగాటివాడు పాలు తాగుతూ అడిగాడు.

"అమ్మగారూ, ఆ వెన్ను మీది మూడో రాతిబురుజు పైన ఒక పాత ఇనుప మేకు ఉంది. కమ్మరి చేత్తో కొట్టింది. మాకంటే ముందు అక్కడిదాకా ఎవరెళ్ళారండీ?"

"మా ఇంటివాళ్ళే," అన్నాను.

మూడో బురుజు పైన, అన్నయ్యా! మీరు రెండోదాని దగ్గరే ఆగిపోయారని ఊరంతా అనుకుంది. నువ్వు ఎవరికీ చెప్పలేదు. నాకూ చెప్పలేదు. చర్చి వసారాలో తాత చేయించిన చెక్కపలక నీకు గుర్తుండే ఉంటుంది. కొమ్ముకి నాలుగు దిక్కులకీ నాలుగు వరసలు. తూర్పు, 1869, తాత. దక్షిణం, 1884. పడమర, 1901, నాన్న. ఉత్తరం అని చెక్కి పక్కన వదిలేసిన ఖాళీలో మనం చిన్నప్పుడు వేళ్ళు పెట్టి ఆడుకునేవాళ్ళం. ఆ ఖాళీని వేరే ఊరివాళ్ళు నింపేస్తారని భయం పట్టుకునే కదా ముప్ఫై నాలుగులో నువ్వూ మౌరుసూ బయలుదేరారు. ఇప్పుడు వియన్నా వాళ్ళ పేర్లు చెక్కాలి. చెక్కే చెయ్యి ఇంకా థియోడుల్ మామయ్యదే. డెబ్బై ఎనిమిదేళ్ళు వచ్చినా గైడ్ల సంఘానికి ఆయనే పెద్ద. కింద గైడ్ల జాబితాలో నుంచి నీ పేరు ఉలితో తీసేసిన చెయ్యీ అదే.

నీ ప్రశ్నలు అయిపోయాయి. ఇప్పుడు వార్త.

మౌరుస్ తిరిగి వచ్చాడు.

ఆగస్టు ఇరవై రెండు, గురువారం. పెరట్లో బంగాళాదుంపలు తవ్వుతున్నాను. పదింటికి నీరటికాడు గాలుస్ వచ్చాడు. కాలువ మొదట్లో, మంచునది మూతి దగ్గర, అడ్డుపడిన రాళ్ళు తీయడానికి తెల్లవారుతూనే వెళ్ళినవాడు అంత తొందరగా రాకూడదు. పైగా టోపీ చేతిలో పట్టుకున్నాడు. గాలుస్ పూజలో కూడా టోపీ తీయడానికి బద్ధకించే మనిషి.

"కూర్చో వదినా," అన్నాడు.

"నా ఇంట్లో నువ్వు నన్ను కూర్చోమంటావేంటి? కాలువ తెగిందా?"

"కాలువకేం, బానే ఉంది. నువ్వు కూర్చో."

"చేతులనిండా మట్టి. చెప్పేదేదో చెప్పు."

"మంచులో ఒక బూటు కనిపించింది వదినా. మడమకి గుర్రపు నాడాలాగా వంచి కొట్టిన మేకులు. అట్లా కొట్టేది మా నాన్నే. ఒక్కడికే కొట్టేవాడు."

ఆ తర్వాత నేను చేసినవన్నీ గుర్తున్నాయి. చేతులు కడుక్కున్నాను. పొయ్యి మీది బార్లీ జావ దించాను. తవ్విన దుంపల మీద గోనె కప్పాను. బడికి వెళ్ళి కిటికీలో నుంచి వెరీనాని పిలిచాను. దాని మొహం చూశాక కానీ నాకు ఏడుపు రాలేదు. ఆ బూటులో మనిషి ఉన్నాడా అని నేను గాలుస్‌ని అడగలేదు, వాడూ చెప్పలేదు.

మేం వెళ్ళేసరికి పది మంది మగవాళ్ళు మంచుగొడ్డళ్ళతో చుట్టూ తవ్వుతున్నారు. మొహం అప్పటికే బయటపడింది. ఎట్లా రాయను అన్నయ్యా? అతనికి ముప్ఫై రెండేళ్ళు. నాకు యాభై రెండు. చూసేవాళ్ళకి నేను అతని తల్లిలా ఉన్నాను, వెరీనా చెల్లెల్లా ఉంది. ఇది రెండేళ్ళ పిల్లగా ఉన్నప్పుడు వెళ్ళిపోయిన తండ్రిని ఊహ తెలిశాక మొదటిసారి చూస్తోంది. అతని చెవుల వైపు చూసి, రెండు చేతులతో తన చెవులు పట్టుకుంది.

"అమ్మా, నా చెవులు," అంది. అంతే.

థియోడుల్ మామయ్యని కంచరగాడిద మీద ఎక్కించి తీసుకొచ్చారు. ఆయన మౌరుస్ మొహం వైపు చూడలేదు, నడుం వైపు చూశాడు. ముడి పైన జానెడు తాడు మంచులో నుంచి బయటికి నిలబడి ఉంది. వంగి ఆ కొసని వేలితో తడిమాడు.

"బరువుకి తెగిన తాడైతే కొస చీపురులాగా విచ్చుకుంటుంది," అన్నాడు అందరికీ వినపడేటట్టు. "ఇది వెన్న కోసినట్టుంది. ఆ రోజు నేనేం చెప్పాను? ఇది కత్తి పనని చెప్పలా?"

అందరూ నన్నే చూశారు. ఎందుకంటే ఇరవై మూడేళ్ళుగా, తాడు తెగిందని నువ్వు చెప్పిన మాట నిజమేనని ఊళ్ళో అన్నది నేనొక్కదాన్నే.

నా మనసులో ఏమైందో దాచకుండా రాస్తాను. నువ్వు కోశావని నమ్మాను. ఆ కొస నేను కళ్ళారా చూశాను. ఇంటికొచ్చి గోడ మీది నీ ఫోటో తీసి రొట్టెల పెట్టెలో బోర్లా పెట్టాను. నీ జూన్ ఉత్తరం పొయ్యిలో వేశాను. పైన రాసిన జవాబులు జ్ఞాపకం మీద రాసినవి. ఏదైనా ప్రశ్న మరిచిపోయి ఉంటే కారణం అదే. గురువారం, శుక్రవారం, శనివారం మధ్యాహ్నం దాకా, నీ పేరు తలుచుకుంటే నోరు చేదెక్కేది.

డాక్టరు కింది పట్నం నుంచి రావాలి కాబట్టి అతన్ని మంచుగడ్డతో సహా మన జున్ను గదిలో ఉంచారు. శనివారం మధ్యాహ్నానికి డాక్టరు వచ్చి సంతకం పెట్టి వెళ్ళాడు. మంచు కరిగింది. నేనూ వెరీనా వేడినీళ్ళు పెట్టుకుని అతన్ని కడగడానికి కూర్చున్నాం. మేజోళ్ళు నేను అల్లినవే, మడమ దగ్గర నా మాటు. జేబులో సగం కొరికిన రై రొట్టె ముక్క. కుడి చెయ్యి ఛాతీ కింద మడిచి ఉంది, ఊలు తొడుగు లోపల బిగించిన పిడికిలి. వెరీనా మెల్లగా తొడుగు లాగింది.

పిడికిట్లో కత్తి ఉంది. తెరిచిన కత్తి. జింకకొమ్ము పిడి మీద 'మ' అక్షరం, పెళ్ళికి నువ్విచ్చిందే. జారిపోకుండా కట్టే తోలుపట్టీ మణికట్టుకి రెండు చుట్లు చుట్టి ఉంది.

నాకు ఏమీ తట్టలేదు. తుప్పు కడగాలి అని మాత్రం అనుకున్నాను. వెరీనా నీళ్ళ గిన్నె కింద పెట్టింది.

"అమ్మా, కత్తి ఈయన చేతిలో ఎందుకుంది?"

మామయ్యని పిలిపించాను. ఆయన భూతద్దం పెట్టుకుని తాడు కొసని చాలాసేపు అటూ ఇటూ తిప్పి చూశాడు. కోత ఏటవాలుగా ఉంది. కత్తిని ఆ వాలుకి ఆనించి చూశాడు. పై మనిషి చేతితో పెడితే వాలు కుదరలేదు. కింద వేలాడుతున్న మనిషి తల పైకి చెయ్యెత్తి కోస్తే కుదిరింది. ఆయన చేతిలోంచి భూతద్దం జారి నేల మీద పడింది.

"కొంచెం నీళ్ళిస్తావా అమ్మాయ్?" అన్నాడు.

ఇచ్చాను. తాగలేదు.

"తెగింది అన్నాడు మీ అన్న. ఎన్నిసార్లు అడిగినా తెగింది అనే అన్నాడు. నీ కొస ఏదిరా, చూపించరా అంటే పారేశాను అన్నాడు. కోసినవాడే కదా పారేస్తాడు అనుకున్నాం. కోసింది వీడైతే..." అని మౌరుస్ వైపు చూసి, "మీ అన్నకి పారెయ్యాల్సిన అవసరం ఏమొచ్చింది?" అన్నాడు.

ఆయనకి తట్టలేదు కానీ నాకు తట్టింది. ఆ ఏడు వసంతంలోనే జున్ను చేసే ఇసిదోర్ పశువులపాకలో ఉరేసుకున్నాడు. అప్పటి పాదిరి గంట కొట్టనివ్వలేదు. శ్మశానం ప్రహరీ బయట, వట్టి మన్నులో పూడ్చారు. ఇసిదోర్ పిల్లల్ని తోటి పిల్లలు ఎట్లా పిలిచారో నీకూ తెలుసు, నాకూ తెలుసు. తనంతట తాను తాడు కోసుకున్నాడని నువ్వు చెప్పి ఉంటే ఆ పాదిరి మౌరుస్‌కి ఒక్క పూజైనా చేసేవాడు కాదు. వెరీనాని ఆ పేరుతోనే పిలిచేవాళ్ళు. కొమ్ము దిగి వస్తూ నువ్వు ఇదంతా ఆలోచించుకుని, నీ కొస ఏ పగుల్లోనో విసిరేసి ఉంటావు. తాడు తెగిందని చెప్పి, తాడు కోసినవాడనే పేరు మోసుకుని, గైడు బిళ్ళ తిరిగి అడిగితే మాట్లాడకుండా ఇచ్చేసి, మరుసటి ఏడు మే నెలలో వెళ్ళిపోయావు. నేను ఆలోచించింది నిజమేనా అన్నయ్యా? ఇప్పటి ఫాదర్ ఎమిల్‌తో ఇదంతా చెప్తే, "పై మనిషిని బతికించడానికి తన తాడు తానే కోసుకున్నవాడికి కొట్టకపోతే, ఇక మనకి గంట ఎందుకమ్మా?" అన్నాడు. ఇరవై మూడేళ్ళు ముందు పుట్టాల్సిన మనిషి.

ఇప్పుడు నా మాట. దీని కోసమే ఇంతదూరం రాశాను.

నువ్వు చెప్పింది నిజమని నేను అన్నానే, అది నీ మీది నమ్మకంతో అన్నది కాదు. ఆ తాడు తెగుతుందని నాకు ముందే తెలుసు అనుకున్నాను.

ఆగస్టు పది, మీరు వెళ్ళడానికి ఎనిమిది రోజుల ముందు. మీరిద్దరూ కొండ పైన మేత బీళ్ళలో ఉన్నారు. ఏటవాలు చేలో గడ్డి కోసి ఎండబెట్టి ఉంచాను. పడమట మబ్బు కమ్ముకొచ్చింది. గడ్డితాడు బిగించే చెక్క కొక్కెం మధ్యకి చీలిపోయింది. పదకొండు మోపులు బండ అంచు మీదుగా కిందికి దించాలి. అది తడిస్తే ఆ చలికాలం ఒక ఆవుని అమ్ముకోవాలి. ఇంటికి పరుగెత్తాను. తలుపు పక్కన మేకుకి, ఒక కొసకి ఎర్ర నూలు చుట్టిన తాడు ఉంది. ఏటా జూన్‌లో చర్చిలో దీవించే తాడు. గడ్డికీ పేడకీ తాకించకూడదని పుట్టినప్పటి నుంచి విన్నదాన్నే. తీసుకెళ్ళాను. పదకొండు మోపులూ దానితోనే దించాను. బండ అంచుకి ఒరుసుకుంది. చివరి రెండు మోపులకి వాన పట్టుకుంది. రాత్రికి మీరు రాకముందే తాడు కడిగి, పొయ్యి వెనక వేడికి ఆరబెట్టాను. అట్లా ఆరబెడితే నార పెళుసెక్కుతుందని నాన్న చెప్పేవాడు కదా. ఎర్ర కొస నుంచి నాలుగో బార దగ్గర మూడు పోగులు లేచి ఉన్నాయి. తేనెమైనం రాసి నున్నగా చేసి, ఆ చోటు లోపలికి వచ్చేటట్టు చుట్టి, మేకుకి తగిలించాను. చెప్దామనే అనుకున్నాను. మౌరుస్ ఆ రోజు చాలా సంతోషంగా ఉన్నాడు. రేపు చెప్తాను అనుకున్నాను. ఎనిమిది రేపులు అట్లా గడిచాయి.

నువ్వు ఒక్కడివే దిగి వచ్చి "తాడు తెగింది" అన్నప్పుడు, ఎక్కడ తెగిందో నాకు తెలుసు అనుకున్నాను. విచారణ రోజు మామయ్య అందరి ముందూ నన్ను అడిగాడు.

"తాడు మీ ఇంట్లోనే కదమ్మా వేలాడింది. బాగానే ఉందా?"

"బాగానే ఉంది," అన్నాను.

ఒకే ఒక్క మాట. నువ్వు నా ఎదురుగా బల్ల మీద కూర్చుని ఉన్నావు. తాడు బాగానే ఉంటే మరి కోసి ఉండాలి కదా అని ఆయన నీ వైపు తిరిగాడు. అప్పుడైనా నోరు తెరవొచ్చు. వెరీనా నా ఒళ్ళో నిద్రపోతోంది. దాని తండ్రిని చంపింది వాళ్ళమ్మేనని అది తెలుసుకుంటూ పెరగాలా అనుకున్నాను. నువ్వు మగవాడివి, తట్టుకుంటావు అనుకున్నాను. అనుకోవడానికి మనిషికి మాటలు ఎన్నో దొరుకుతాయి. కెనడా నుంచి నువ్వు రాసిన మొదటి ఉత్తరంలో, 'ఊరంతటిలో నువ్వొక్కదానివే నన్ను నమ్మావు లుద్వీనా, నాకది చాలు' అని రాశావు. ఆ ఉత్తరం బట్టల పెట్టె అడుగున ఉంది. ఒక్కసారి చదివాను. మళ్ళీ చదవడానికి చెయ్యి రాలేదు.

ఇదే నేను దాచింది. కానీ ఇంకొకటి ఉంది. అది నాకూ ఆ శనివారమే తెలిసింది.

మామయ్య అట్లా కూర్చుని ఉండగానే వెరీనా మౌరుస్ భుజం మీది తాడుచుట్లు విప్పింది. మొత్తం తాడు పదహారు బారలు. అందులో దాదాపు అయిదు బారలు అతను తన ఒంటి మీదే చుట్టుకుని, వాటి మీద భారం పడకుండా ముడి వేసుకున్నాడు. నేను నేల మీద కూర్చుని ఎర్ర కొస నుంచి బారలు కొలిచాను. ఎందుకు కొలుస్తున్నావని ఎవరూ అడగలేదు. నేను అన్నీ కొలుస్తానని అందరికీ తెలుసు. నాలుగో బార దగ్గర నా చేతికి ఊలు తగిలింది. నీలం ఊలు. నేను మైనం రాసి కప్పెట్టిన చోట, గట్టిగా దగ్గర దగ్గరగా పదకొండు చుట్లు.

అతనికి తెలుసు అన్నయ్యా! తెలుసు! కొండకి వెళ్ళబోయే గైడు తాడుని కొస నుంచి కొస దాకా వేళ్ళ మధ్య నుంచి పోనిస్తాడని మన ఇంట్లో చంటిపిల్లకి కూడా తెలుసు. నాన్న చేసేవాడు, నువ్వు చేసేవాడివి, మన గుమ్మం ముందు బల్ల మీద కూర్చునే చేసేవాళ్ళు. ఇరవై మూడేళ్ళలో నాకు ఒక్కసారి, ఒక్కసారంటే ఒక్కసారి కూడా అది గుర్తురాలేదు. బయలుదేరే ముందు రోజు మధ్యాహ్నం అతను ఆ బల్ల మీదే కూర్చుని ఉన్నాడు. నేను వెరీనా టోపీ అల్లుతున్నాను.

"ఒక మూరెడు ఊలు ఇస్తావా?" అన్నాడు.

"ఎందుకు? టోపీకే చాలక చస్తున్నాను."

"ఒకచోట గుర్తు పెట్టుకోవాలి."

"నీ తెలివికి గుర్తులు కూడా కావాలా?" అని నవ్వి, తెంపి ఇచ్చాను.

ఏమీ అడగలేదు. నన్ను ఒక్క మాట అనలేదు. చెడిన చోట భారం పడకుండా చుట్టేసుకుని వెళ్ళిపోయాడు. నేను చెడగొట్టిన చోటు మీద గ్రాము బరువు కూడా పడలేదు. తాడు తెగలేదు. అంటే ఇన్నేళ్ళు నేను దాచింది అతన్ని చంపింది కాదు. నేను దాచినందువల్ల పోయింది నువ్వు.

కానీ లెక్క అక్కడితో ఆగదు. ఆ అయిదు బారలూ మీ మధ్య ఉండి ఉంటే, అతను పడినప్పుడు కాలు పెట్టడానికి ఏదైనా అంచు అందేదా? అతను చేతికి కత్తి తీసుకోవాల్సిన అవసరం ఉండేదా? పైన ఉన్నది నువ్వు. నీకే తెలుసు. నాకు మంచి మాట రాయకు. ఉన్న మాట రాయి.

ఆదివారం పూజ అయ్యాక గైడ్లు ఎప్పటిలాగే చర్చి ముందు పిట్టగోడ మీద కూర్చున్నారు. నేను వెళ్ళి వాళ్ళ ఎదురుగా నిలబడ్డాను. నా పక్కన వెరీనా ఉంది. దానికి శనివారమే అంతా చెప్పాను. అది నాతో సరిగ్గా మాట్లాడటం లేదు, ఇప్పటికీ. అయినా వచ్చి నిలబడింది.

"మామయ్యా, ముప్ఫై నాలుగులో మీరు నన్నొక ప్రశ్న అడిగారు. నా జవాబు తప్పు. ఇప్పుడు సరిచేస్తున్నాను," అన్నాను. గడ్డి సంగతి, బండ అంచు, పొయ్యి, మైనం, అంతా వరసగా చెప్పాను.

ముందుగా నోరు తెరిచింది గాలుస్ పెళ్ళాం ఫిలొమెనా. "అయ్యో దేవుడా, దీవించిన తాడుతో గడ్డి దించావా!" అంది గుండెల మీద చెయ్యి వేసుకుని. మిగతావన్నీ ఆమెకి వినపడనే లేదు.

"నువ్వు నోర్ముయ్యవే," అన్నాడు గాలుస్. "మా నాన్న తాడుతో పందిని కట్టింది ఎవరు?"

"అది పాత తాడు!"

"పందికి తెలుసా పాతదో కొత్తదో?"

ఎవరో నవ్వారు, వెంటనే నోరు మూసుకున్నారు. మామయ్య కర్ర ఆనించుకుని లేచాడు. నన్ను తిడతాడనుకున్నాను. తిట్టి ఉంటే బాగుండేది.

"ఈమె ఒక మాట దాచింది. నేను ఒక పేరు చెరిపాను," అన్నాడు. "ఏది పెద్దదో నేను చెప్పలేను. ఒరేయ్, నా ఉలి ఎక్కడుందో చూడండ్రా."

ఆ మధ్యాహ్నమే వసారాలో పలక దించి నీ పేరు చెక్కాడు. చెరిపిన చోట చెక్క పల్చబడి గుంట పడింది కదా, అక్షరాలు మిగతావాటికంటే లోతుగా వచ్చాయి. చెయ్యి వణకడం వల్ల 'ల' కొంచెం వంకర. నేను పక్కనే నిలబడి దీపం పట్టుకున్నాను. ఉత్తరం అన్న వరసలో వియన్నా వాళ్ళ పేర్ల కింద, 'మూడో బురుజు పైదాకా, 1934, మౌరుస్, అల్బన్' అని కూడా చెక్కుతానన్నాడు. అది నువ్వే వచ్చి చెప్పాలని నేను ఆపాను.

పోయిన మంగళవారం, ఇరవై ఏడున, అతన్ని మట్టి చేశాం. గంట నిండుగా పావుగంట కొట్టారు. కొమ్ము మీద పోయిన గైడు పెట్టె ముందు, చివరిసారి అతనితో ఒకే తాడు కట్టుకున్నవాడు ఆ తాడు భుజాన వేసుకుని నడవాలి కదా. తను మోస్తానని మామయ్య అడిగాడు. వద్దన్నాను. గాలుస్ అడిగాడు. వద్దన్నాను. ఫాదర్ వెనక, పెట్టె ముందు, ఒక మనిషి పట్టేంత చోటు వదిలి అందరం నడిచాం. చూసినవాళ్ళందరికీ అక్కడ ఎవరు లేరో తెలిసింది.

మట్టి చెయ్యకముందే నీకు తంతి ఇద్దామని పోస్టాఫీసుకి వెళ్ళాను. ఆ అమ్మాయి కాగితం ముందు పెట్టి కూర్చుంది. మౌరుస్ దొరికాడు అని రాశాను. తర్వాత నా సంగతి రాయకుండా సంతకం పెట్టబుద్ధి కాలేదు. అది తంతిలో పట్టదు. కాగితం మడిచి జేబులో పెట్టుకుని వచ్చేశాను. దానివల్ల నువ్వు అతని చావు ఊరేగింపుకి లేకుండా పోయావు. ఇది కూడా నేను చేసిందే. ఇక ఏదీ దాచను.

మట్టి చేసిన సాయంత్రం పుస్తకం తీశాను. 1934 ఆగస్టు 18, మౌరుస్, వేకువన రెండున్నర. పక్క గడిలో, 1957 ఆగస్టు 22, సాయంత్రం నాలుగున్నర అని రాశాను.

"గంట కూడా రాయాలా అమ్మా?" అంది వెరీనా. ఆ రోజుల్లో అది నాతో అన్న మొదటి మాట.

"రాయకపోతే గడి ఎందుకే?"

అది వచ్చి నా భుజం మీదుగా పుస్తకంలోకి చూసింది. మొదటి పేజీ నుంచి ఇద్దరం కలిసి తిప్పాం. అన్ని గడులూ నిండి ఉన్నాయి. 1935 దగ్గర దాని వేలు ఆగింది. మే 6, అల్బన్, ఉదయం అయిదున్నర. కొమ్ముకి వెళ్ళేవాళ్ళనే ఈ పుస్తకంలో రాయాలి. ఆ రోజు నువ్వు కిందికి వెళ్ళావు, స్టేషనుకి. అయినా నువ్వు మలుపు తిరగగానే లోపలికి వచ్చి రాశాను.

పుస్తకం మొత్తంలో ఖాళీగా ఉన్నది ఆ ఒక్క గడే. తాడు కడగలేదు, నీలం ఊలు విప్పలేదు. తలుపు పక్కన దాని మేకుకే ఉంది.

ఇట్లు,
నువ్వు నమ్మిన నీ చెల్లెలు,
లుద్వీనా